చిత్రకారుని చిత్తుపుస్తకము

చిత్రములను గురించి రేడియోలో ప్రసంగించుట కొంత సాహసమే. చిత్రము కంటి సొత్తు; రేడియోకు ఉన్నది గొంతు ఒక్కటే. అయినను ఈ సాయంకాలము శ్రోతలకు కొన్ని బొమ్మలను మాటలతో చూపవలెనని సంకల్పించినాము. ఇవి చిత్రశాలలలో చట్రములు కట్టి వ్రేలాడదీసినవి కావు. పత్రికలలో అచ్చుపడినవియు కావు. కథలకు బొమ్మలు వేయు ఒక చిత్రకారుడు తనకొరకు తాను చిత్తుగా గీసికొని దాచుకొన్నవి. అచ్చుపడిన బొమ్మకు చిత్తుబొమ్మ తల్లివేరు వంటిదని మాకు ఆలస్యముగా తెలిసినది. ఎట్లు తెలిసినదో చెప్పవలెనన్న, మా వలన జరిగిన ఒక అపచారమును కూడ చెప్పక తప్పదు.

సికింద్రాబాదు స్టేషను వదలి తార్నాక దారి పట్టినచో, చిలకలగూడ, ఆలుగడ్డబావి దాటిన పిదప మెట్టుగూడ వచ్చును. అది రైలువారి పేట. నైజాము కాలమున, 1893లో, లాలాగూడలో నెలకొల్పిన రైల్వే కర్మాగారము దానికి పొరుగుననే ఉన్నది. 1966లో దక్షిణమధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాదు దానికి ముఖ్యస్థానమైనది. తాత, తండ్రి, కుమారుడు వరుసగా రైలు కొలువు చేసిన కుటుంబములు ఆ ప్రాంతమున ఇప్పటికిని ఎన్నో కలవు. మా మిత్రుడైన చిత్రకారుడు అట్టి కుటుంబములోనివారే. తండ్రిగారు కర్మాగారములో ఫిట్టరు. కుమారుడు మాత్రము సుత్తి పట్టక పెన్సిలు పట్టినారు. నలువది సంవత్సరములకు పైగా వారపత్రికల కథలకును, నవలలకును, పిల్లల పుస్తకములకును బొమ్మలు వేసినారు. ఇప్పుడు డెబ్బదికి చేరువైనారు. “బొమ్మల సంగతి చెప్పండి, చాలు. నా పేరెందుకండీ?” అని వారు కోరినందున పేరు చెప్పుట లేదు.

మొన్న ఒక ఆదివారము ఉదయము వారింటికి వెళ్లినాము. చాయ త్రాగిన పిదప, తండ్రిగారి నాటి ఇనుప ట్రంకుపెట్టెను మంచము క్రిందినుండి లాగి మూత తెరచినారు. లోపల నలువదికి పైగా పుస్తకములు. కొన్ని బడిపిల్లల నోటుపుస్తకములు, కొన్ని పాత డైరీలు. కొంచెము చేతిలో డబ్బు ఆడిన తరువాతివి మంచి కార్‌ట్రిడ్జి కాగితముతో కుట్టించినవి. అన్నింటికంటె అడుగున ఉన్నది అసలు బొమ్మల పుస్తకమే కాదు. ఒకవైపు ఎవరిదో సరుకుల లెక్క, వెనుకవైపు పదునారేండ్ల బాలుని గీతలు.

ఆ పుస్తకములోని మొదటి బొమ్మను వినుడు. సాయంకాలము షిఫ్టు వదలిన వేళ. కర్మాగారపు ద్వారమునుండి సైకిళ్ల వెల్లువ. మొదటి పుటలో బాలుడు ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క తల గీసినాడు. తలలు వరుసగా పేర్చిన గుమ్మడికాయలవలె ఉన్నవి. రెండవ పుటలో తలలు ఇంకను పెరిగినవి. గుంపు మాత్రము రాలేదు. మూడవ పుటలో ముందుభాగమున ఒక్క సైకిలు హ్యాండిలు, దానికి వ్రేలాడు టిఫిన్ క్యారియరు, పెడలుపై ఒక పాదము మాత్రము స్పష్టముగా ఉన్నవి. వెనుకనంతయు ఒకే దిక్కునకు వాలిన గీతలు. తల ఒక్కటియు పూర్తిగా లేదు. అయినను చూడగనే వందలమంది ఇంటిముఖము పట్టినట్లు తోచును.

“తలలు లెక్కపెట్టినంతకాలం గుంపు రాలేదండీ. ఒక్క హ్యాండిలును సరిగా చూసిన రోజున వచ్చింది” అన్నారు మా మిత్రుడు. ఏది చూడవలెనో, ఏది వదలవలెనో ఆ మూడు పుటలలో ఆయన నేర్చుకొన్నారు. ఏ గురువును ప్రక్కన కూర్చుండి చెప్పలేదు. తప్పిన రెండు పుటలును చింపివేయక ఉంచినందుననే మూడవ పుట యొక్క విలువ నేడు మనకు తెలియుచున్నది.

మరియొక పుస్తకము నిండ చేతులే. చింతపండునుండి గింజలు తీయు తల్లి చేయి. సూదిలో దారమెక్కించు దర్జీ చేయి. బస్సులో పైకమ్మిని పట్టుకొని నిద్రపోవుచున్న వాని చేయి. పూలు కట్టు ముసలమ్మ వ్రేళ్లు పదునాలుగు చిన్న బొమ్మలుగా ఉన్నవి. దారము ఏ వ్రేలిమీదుగా పోయి ఏ వ్రేలిక్రింద ముడిపడునో వరుసగా తెలియును. ముఖము నటించగలదు, చేయి అంత సులభముగ నటించలేదని వారి నమ్మకము. ఒక కథలో కోడలు నిండు ఇంటిలో మాటపడును. రచయిత ఆమె కన్నీటిని అరపుట వర్ణించినాడట. మా మిత్రుడు ఆమె ముఖమును గీయలేదు. చేటలో బియ్యము ఏరుచు నడుమ ఆగిపోయిన చేతిని మాత్రము గీసినారు. ఆ చేయి ఏనాడో ఈ పుస్తకములో గీసికొన్న తల్లి చేయియే. కథ వచ్చిన రాత్రి పుట్టిన ఊహ కాదు అది. ఏండ్ల తరబడి పెట్టెలో నిలువయున్న విత్తనము.

కథకు బొమ్మ వేయుట ఎట్టి పనియో శ్రోతలలో చాలమందికి తెలియకపోవచ్చును. కథ సాయంకాలము చేతికి వచ్చును, బొమ్మ తెల్లవారి కావలెను. మా మిత్రుడు కథను రెండుసార్లు చదువుదురు: మొదటిసారి పాఠకునివలె, రెండవసారి పెన్సిలు పట్టుకొని. రచయిత చెప్పినదానినే తిరిగి గీసినచో బొమ్మ దండుగ. ముగింపును ముందే బయటపెట్టినచో కథకు ద్రోహము. కావున ఘట్టమునకు ఒక్క అడుగు ముందరి క్షణమునో, ఒక్క అడుగు వెనుకటి క్షణమునో పట్టవలెను. దానికై అగ్గిపెట్టెంత గడులు గీసి, ఒక్కొక్క గడిలో మనుష్యులను అటునిటు జరిపి చూతురు. ఒకటి కుదిరిన తరువాతనే పెద్ద కాగితము తీయుట. అచ్చులో ఉండవలసిన దానికి ఒకటిన్నర రెట్లు పెద్దదిగా గీయుదురు. కుదించినప్పుడు చేతివణుకు కొంత మరుగుపడును. కాని గీతలు మరీ దగ్గరగా ఉన్నచో సిరా ఒకదానిలోనికొకటి ప్రాకి నల్లని మచ్చ యగును. అందుచేత ఎక్కడ గీత వేయవలెనో తెలిసినంత మాత్రమున చాలదు. ఎక్కడ కాగితమును తెల్లగా వదలవలెనో తెలియవలెను.

తెలుగువారి ఇండ్లకు ఇట్టి బొమ్మలు చుట్టములవంటివి. 1947లో వెలువడిన చందమామను తెరచిన పిల్లలు చదువుటకంటె ముందు బొమ్మలే చూచినారు. భేతాళుని భుజమున వేసికొని నడచు విక్రమార్కుడు శంకర్ గీసిన రూపముననే నేటికిని మన కండ్లకు కట్టును. వడ్డాది పాపయ్యగారు చందమామకును, యువకును వేసిన రంగుల బొమ్మలను కత్తిరించి గోడలకు అంటించుకొన్నవారు ఎందరో. బాపుగారి గీత సరేసరి. వారి చేతివ్రాత సైతము అచ్చక్షరములై ఇంటింటి శుభలేఖలకు ఎక్కినది. కాని ఇవన్నియు మనము పూర్తియైన తరువాత చూచినవి. పెండ్లిపందిరిలో వడ్డించిన విస్తరిని చూచితిమి కాని, తెల్లవారుజామున పొయ్యివద్ద జరిగిన పనిని చూడలేదు. కార్టూనిస్టు మోహన్ తన ‘కార్టూన్ కబుర్లు’ పుస్తకములో బొమ్మల లోగుట్టును మాటలలో చెప్పినారు. మా మిత్రుని పెట్టెలో ఆ లోగుట్టు బొమ్మల రూపముననే ఉన్నది.

ఇక మా తప్పు. సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట, రేడియోలో చేరకముందు, మేము ఒక వారపత్రికలో ఉపసంపాదకులముగా పనిచేసినాము. అప్పుడు మా మిత్రుడు ఒక కథకు బొమ్మ వేసి పంపినారు. చిన్న స్టేషను. రాత్రి బండి వెళ్లిపోయినది. కుమారుని సాగనంపవచ్చిన తల్లి ప్లాట్‌ఫారమున నిలిచియున్నది. ఐవరీ కార్డుపై నల్లసిరాతో గీసిన ఆ బొమ్మ కార్యాలయములో అందరిని ఒక్క నిమిషము మౌనముగ నిలిపినది. స్కాను చేయించి అచ్చువేసినాము. అసలు బొమ్మను తిరిగి పంపవలసిన బాధ్యత మాది. రేపు పంపవచ్చునని బీరువాపై పెట్టినాము. రెండు నెలలకు ఆయన కార్డు వ్రాసినారు. వెదకుచున్నామని జవాబు వ్రాసినాము. నిజమునకు వెదకలేదు. మరుసటి సంవత్సరము గోడలకు సున్నము వేయుటకై సామానులు తీసినప్పుడు, బీరువాపైనున్న కాగితములన్నియు పాత కాగితములు కొనువాని త్రాసులోనికి పోయినవి. ఆ బొమ్మయు వానిలో పోయినదని తరువాత తెలిసినది. ఆ సంగతి ఆయనకు వ్రాయుటకు మాకు ధైర్యము చాలలేదు.

మొన్న ఆదివారము ఒక పుస్తకము తిరుగవేయుచుండగా ఆ తల్లి కనిపించినది. రెండు పుటలలో పదకొండు చిన్న గడులు. మొదటి గడిలో తల్లి నడుమ నిలిచి చేయి ఊపుచున్నది, బండియు ఉన్నది. మూడవ దానిలో బండి తోక మాత్రమే. అయిదవ దానిలో బండి లేదు, ఊపుచున్న చేయి దిగినది. ఎనిమిదవ దానిలో తల్లి నడుమనుండి ఒక ప్రక్కకు జరిగినది. పదకొండవ దానిలో ఆమె కాగితపు అంచుకు చేరినది. మిగిలినదంతయు ఖాళీ పట్టాలు. ప్రక్కన చిన్న అక్షరములతో ‘బండిని గీస్తే కొడుకు కథ, పట్టాలు గీస్తే తల్లి కథ’ అని వ్రాసికొన్నారు. ఆ బొమ్మ మమ్ములను ఆనాడు ఎందుకు నిలిపివేసినదో ఇన్నేండ్లకు అర్థమైనది.

మేము అప్పుడు ఉన్నది ఉన్నట్లు చెప్పివేసినాము. ఆయన కొంతసేపు పలుకలేదు. తరువాత, “పోయిందని నాకు తెలుసు. మీ జవాబులో తేదీ కూడా వేయలేదు గదా” అన్నారు. చిరునవ్వుతోనే అన్నారు గాని, ఆ మాట మాకు తగులవలసినచోట తగిలినది. “ఆలోచన ఇక్కడ మిగిలిందండీ. గీత మాత్రం మిగలలేదు. మళ్లీ గీసి చూశాను. నకలు వచ్చింది కాని బొమ్మ రాలేదు” అని పుట త్రిప్పినారు. చిత్తుపుస్తకము ఊహను కాపాడగలదు. ఆ రాత్రి ఆ కుంచెతో నడచిన చేతిని కాపాడలేదు. కాబట్టి రెండును కావలెను. ఒకటి పోయినప్పుడు రెండవది ఎంత అమూల్యమో మాకు ఆ క్షణమున తెలిసినది.

చిత్తుబొమ్మలను లోకమునకు చూపుట క్రొత్త సంగతి కాదు. జపానులో హొకుసాయి అను మహాచిత్రకారుడు మనుష్యులను, పక్షులను, అలలను, వృత్తిపనులను గీసిన చిన్నబొమ్మలను 1814 మొదలు పుస్తకములుగా అచ్చువేసినారు. మొత్తము పదునైదు సంపుటములు. చివరిది ఆయన మరణించిన తరువాత, 1878లో వెలువడినది. బొమ్మలు నేర్వగోరువారికి అవి పాఠములైనవి. మన దేశమునకే వచ్చినచో, రాజమహేంద్రవరపు దామెర్ల రామారావుగారిని తలచుకొనవలెను. కళాశాల ప్రధానాచార్యుడు కూల్డ్రే దొర ప్రోత్సాహముతో చిత్రకళకు అంకితుడై, బొంబాయిలో అభ్యసించి, 1925లో ఇరువదియెనిమిదేండ్లయినను నిండకుండ మశూచిచే కన్నుమూసినారు. అంత స్వల్పకాలము జీవించిన మనిషిని నూరేండ్ల తరువాత మనము ఎరుగుటకు కారణమేమి? ఆయన చేసిన పనిని ఆత్మీయులు చెదరనీయక ఒకచోట నిలిపినారు. రాజమహేంద్రవరమున ఆయన పేరిట చిత్రశాల వెలసినది. ప్రతిభ పుట్టుట ఒక భాగ్యము. దానిని దాచు చేతులు దొరకుట మరొక భాగ్యము.

మెట్టుగూడ పెట్టెకు మరియొక విలువ కలదు. అందులో ఒక వేపచెట్టు పలుమారు కనిపించును. మొదట దాని క్రింద మంగలి కుర్చీ ఉన్నది, పిమ్మట ఇస్త్రీబండి, ఆ తరువాత ఆటోరిక్షాలు. 2012 తరువాతి పుస్తకములలో చెట్టు వెనుక ఇనుప కంచె లేచినది. నగరపు మెట్రో రైలులో నాగోలునుండి మెట్టుగూడవరకు గల ఎనిమిది కిలోమీటర్ల దారి మొట్టమొదట నిర్మించిన భాగము. ఒక పుటలో స్తంభమునకు ఇనుపచువ్వలు మాత్రమే ఉన్నవి. మరొకదానిలో స్తంభము సగము లేచినది. ఇంకొక పుటలో చెట్టు లేదు. 2017 నవంబరు 29న ప్రయాణికులకొరకు బండ్లు నడచిననాటి బొమ్మలో జనము తలలెత్తి పైకి చూచుచున్నారు. ఒక్క ముసలివాడు మాత్రము చెట్టు ఉన్నచోటును చూచుచున్నాడు. మార్పు మంచిదా చెడ్డదా అని ఆ బొమ్మ వాదించదు. ఆయనయు ఆ బండిలోనే పోవుచుందురు. ఫొటోలు వేలకొలది ఉండవచ్చును; కాని ఒకే మనిషి ఒకే అరుగుమీద కూర్చుండి ఇన్నేండ్లు ఒకే వీధిని చూచిన చూపు ఆ పెట్టెలో తప్ప వేరెక్కడను లేదు.

ఆ పెట్టెకు శత్రువులును లేకపోలేదు. మొదటిది కాగితమే. కొయ్యగుజ్జుతో చేసిన చవుక కాగితము కాలక్రమమున పసుపు తిరిగి పెళుసెక్కును. బాల్‌పెన్ను సిరా వెలుతురుకు వెలిసిపోవును; మసితో చేసిన నల్ల ఇండియా సిరా నిలుచును. పెన్సిలు బొమ్మలు ఒకదానితోనొకటి ఒరసికొని మాసిపోవును. చినిగిన పుటకు అతికించిన సెల్లోటేపు కొన్ని ఏండ్లకు గోధుమరంగు మరకయై కాగితమును తినివేయును. చెమ్మ, చెదలు మనకు తెలిసినవే. మా మిత్రుడు పుటల నడుమ పలుచని తెల్లకాగితము పెట్టుట, వానకాలము వెళ్లిన పిదప పెట్టెను నీడలో ఆరబెట్టుట ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినారు. విదేశమున ఉన్న కుమార్తె అన్నింటిని స్కాను చేయించుమని చెప్పుచున్నది. చేయించుట మంచిదే, పదిమందికి చూపవచ్చును. కాని స్కాను చేసితిమిగదా అని అసలును పారవేయరాదు. ఆ పని ఒకసారి చేసినవారము కనుక చెప్పుచున్నాము.

శ్రోతలకు మా విన్నపములు మూడు. మీ ఇంట చిత్రకారులు లేకపోవచ్చును. కాని తాతగారి డైరీ అంచున గీసిన ఎడ్లబండి, అమ్మమ్మ కుట్టుపనికై కాగితముపై వేసికొన్న లతలు, పిల్లవాని నోటుపుస్తకపు చివరిపుటలోని రైలుబండి ఉండవచ్చును. వానిని పారవేయకుడు. వెనుకవైపున మెత్తని పెన్సిలుతో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అను మూడు ముక్కలు వ్రాయుడు. ఆ మూడును లేని బొమ్మ మరియొక తరమునకు అనాథ యగును. రెండవది, బొమ్మలు గీయు బిడ్డకు గీతలు లేని పుస్తకమొకటి కొనియిండు. బాగుగ రాని పుటను చింపనీయకుడు. గుమ్మడికాయల తలలు లేనిదే సైకిలు హ్యాండిలు రాదు. మూడవది, పత్రికలవారికి. వచ్చిన బొమ్మయు, తిరిగి పంపిన తేదియు వ్రాయుటకు బల్లమీద ఒక చిన్న పుస్తకము చాలును. అది రెండు నిమిషముల పని. దానిని చేయనందున మేము మోయుచున్న భారము ఇరువదేండ్లది.

పెట్టెను ముందుముందు ఏమి చేయుదురని అడిగినాము. ఈ పేటవారు చూడగలిగిన చోట ఎక్కడనైనను ఉంచవలెనని ఆయన కోరిక. అట్టి చోటు ఇంకను దొరకలేదు. వెదకు పని ఈసారి మేము తీసికొన్నాము. సెలవు పుచ్చుకొనునప్పుడు ఒక కార్డుపై, వెదకెదమని వ్రాసి, సంతకము చేసి, తేదీ వేసి ఆయన చేతికిచ్చినాము. ఆయన తేదీని ఒకసారి చూచి, కార్డును ఆ పదకొండు గడుల పుటలో పెట్టి, పెట్టె మూసినారు.